జెండా తలకిందులైన వారం

జూనిపర్ లోయ, తూర్పు ఒరెగాన్
ఆగస్టు 9, 2021

నోరీనక్కా,

నువ్వు పంపిన పుట్టినరోజు కార్డు అందింది. నాకు డెబ్బై ఒకటి నిండాయని అది చూశాకే గుర్తొచ్చింది. మార్జ్ ఉంటే కేకు చేసేది. ఈసారి నేనూ కుక్కా కలిసి ఒక బీన్స్ డబ్బా తెరుచుకున్నాం. నాకంటే దానికే ఎక్కువ నచ్చింది.

ఫోను ఎందుకు ఎత్తవని మళ్ళీ అడిగావు. ఫోనులో మనిద్దరం మాట్లాడుకుంటే మూడోవాడు వింటాడని నీకు వందసార్లు చెప్పాను. అదే కవరైతే నేనే తడిపి అంటిస్తాను, మూత మీద టేపు వేస్తాను, టేపు మీద అడ్డంగా సంతకం పెడతాను. మధ్యలో ఎవడైనా విప్పితే నీకు తెలిసిపోతుంది.

ఇక్కడ వానల్లేవు. గడ్డి మోకాలి దాకా కూడా ఎదగలేదు. మన తాత బాగుచేసుకున్న ఊట చుట్టూ ప్రభుత్వ భూముల ఆఫీసు వాళ్ళు వేసిన కంచె అలాగే ఉంది. ఏదో కప్పని కాపాడాలట. నా ఆవులు ఇవతల నిలబడి, దర్జాగా నీళ్ళలో కూర్చున్న ఆ కప్ప వైపు చూస్తుంటాయి. దేశం కోసం నేను వియత్నాం వెళ్ళొచ్చాను. ఆ కప్ప ఎక్కడికెళ్ళొచ్చిందో కాస్త కనుక్కుని చెప్పు, రాజధానిలో ఉన్నావుగా.

అసలు విషయం ఇంకోటి. నాన్న తుపాకీ నా మేనకోడలు ట్రూడీకి ఇచ్చేద్దామనుకుంటున్నాను. అక్టోబరులో వేట మొదలయ్యేలోపు వచ్చి తీసుకెళ్ళమను. దానికి గురి నేర్పింది నేనే, నాకు తెలుసు, ఆ పిల్ల చేతిలో అది తుప్పు పట్టదు. నూనె పెట్టి తుడిచి ఉంచాను. నాకింక దానితో పనిలేదు. మిగతావి కూడా ఒక్కొక్కటే సర్దుతున్నాను.

నీ తమ్ముడు,
వెండెల్

*

సేలం, ఒరెగాన్
ఆగస్టు 17, 2021

ఒరేయ్ వెండెల్,

ప్రభుత్వం చెవిలో పడకూడదని నువ్వు రాసే ఉత్తరాన్ని మోసుకొచ్చేది ప్రభుత్వం బండి. అంటించిన బిళ్ళ ప్రభుత్వానిది. నా గుమ్మం దాకా తెచ్చిచ్చిన మనిషికి జీతమిచ్చేదీ ప్రభుత్వమే. ఈ మాట అంటే నీకు ఒళ్ళు మండుతుందని తెలిసే అంటున్నాను.

పైగా ఈసారి టేపు కవరు మూత మీద లేదు, అంగుళం పక్కన ఉంది. సంతకం టేపు దిగి నా చిరునామా మీదికి ఎక్కింది. అక్షరాలేమో ఒక్కోటి బఠాణీ గింజంత ఉన్నాయి. మళ్ళీ తాగుతున్నావా? నిజం చెప్పు.

తుపాకీ సంగతి చదివాక ఆ రోజంతా నాకు పని తోచలేదు. మనింట్లో ఆ తుపాకీ చేతులు మారేది ఒక్క రోజేగా. తాతకి మట్టి ఇచ్చిన రోజు నాన్న చేతికొచ్చింది. నాన్నకి మట్టి ఇచ్చిన రోజు, ఆయన సైన్యంలో చేసినందుకు సైనికులు వచ్చి జెండా మడిచి అమ్మ ఒళ్ళో పెట్టాక, పెదనాన్న తూటా గదిని మూసే బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని అందరికీ చూపించి, నీ చేతిలో పెట్టాడు. బతికుండగా ఎవరూ ఇవ్వలేదు. ఆ ఉత్తరం ట్రూడీకి చదివి వినిపిస్తే అదీ అదే అడిగింది. "మామయ్య బాగానే ఉన్నాడా అమ్మా?" అంది.

మార్జ్ పోయి ఏడు నెలలే అయింది. మిగతావి సర్దుతున్నానంటే ఏం సర్దుతున్నావు? ఇంతకంటే సూటిగా అడగడానికి నా చెయ్యి రావడం లేదు. ఒకసారి బోయిసీ పట్నం వెళ్ళి మాజీ సైనికుల ఆసుపత్రిలో చూపించుకో. అక్కడ మాట్లాడటానికి కూడా డాక్టర్లుంటారట. నీకు హక్కుగా రావలసిన వైద్యం అది, ఎవరి దయా కాదు.

నోరీన్

*

జూనిపర్ లోయ
ఆగస్టు 28, 2021

అక్కా,

తాగుడు మానేసి ముప్పై మూడేళ్ళయింది. మార్జ్ ఆ తేదీని కేలెండరులో ఎర్రగా చుట్టి పెట్టేది. నువ్వు ఒక్క టేపు ముక్క చూసి చెరిపేశావు. అక్షరాలు పెద్దవంటావా? నీకు వినబడటం లేదని పెద్దగా రాస్తున్నాను.

ఆసుపత్రి సంగతి. అక్కడ కుర్చీలో కూర్చోగానే ఇచ్చే కాగితంలో ఏముంటుందో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. ఇంట్లో తుపాకులున్నాయా? ఈ మధ్య దిగులుగా ఉంటోందా? రెండింటికీ అవునని రాశావో, నీ పేరు ఒక జాబితాలోకి ఎక్కుతుంది. ఆ జాబితా ఎవరి బల్ల మీదికి పోతుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. భార్య పోయిన మనిషికి దిగులు ఉండదా? ఉంటే అది నేరమా? అబద్ధం రాయడం నాకు చేతకాదు. అందుకే వెళ్ళను.

నాకు దేశం మీద కోపం లేదు. రోజూ పొద్దున్నే జెండా ఎగరేస్తాను, పొద్దుగూకే వేళకి దించి మడత పెడతాను. వాన వచ్చినా, మార్జ్‌ని పాతిపెట్టిన రోజున కూడా మానలేదు. ఆ జెండా నాది. దాని కింద కూర్చుని నా ఊట మీద, నా ఆవుల మీద, రేపు నా తుపాకుల మీద సంతకాలు పెట్టేవాళ్ళు నావాళ్ళు కాదు. ముప్పై ఏళ్ళు వాళ్ళ రోడ్ల ఆఫీసులో పనిచేసి పెన్షను తీసుకుంటున్నదానివి, నీకు ఈ తేడా తెలియదులే.

ట్రూడీ వస్తుందా రాదా? అడిగినదానికి జవాబు రాయి.

వెండెల్

*

సేలం
సెప్టెంబరు 9, 2021

వెండెల్,

నీ ట్రక్కు నడిచేది ఆ రోడ్ల మీదే. మంచు పడ్డప్పుడు మీ లోయ దారి ముందు తీయించమని నేను ఎన్నిసార్లు పై అధికారుల కాళ్ళు పట్టుకున్నానో నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

తాగావని అన్నందుకు తప్పయింది. అది వెనక్కి తీసుకుంటున్నాను.

మిగతాది తీసుకోను. జనవరిలో మార్జ్ సమాధి దగ్గర్నుంచి తిరిగొస్తూ ట్రక్కులో నువ్వు ఒక మాటన్నావు. "ఇంక ఎవరి కోసం లేవాలక్కా పొద్దున్నే?" అన్నావు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ మాట అప్పట్నుంచీ నా చెవిలోనే ఉంది. ఇప్పుడు నువ్వు నాన్న తుపాకీ ఇచ్చేస్తానంటావు, సామాన్లు సర్దుతున్నానంటావు. నేను దీన్ని ఎలా చదవాలి?

ఒక్కటి చెయ్యి నా కోసం. కొన్నాళ్ళు, చలికాలం గడిచేదాకా, ఇంట్లో ఉన్న తుపాకులన్నీ తీసుకెళ్ళి దాణా కొట్టు డోరిస్ దగ్గర పెట్టు. వాళ్ళ వెనక గదిలో ఇనుప బీరువా ఉంది. ఆఫీసులతో పనిలేదు, కాగితాల్లేవు. మళ్ళీ ఏప్రిల్లో తెచ్చుకుందువు. నువ్వు ఏమనుకున్నా సరే, అడిగాను.

నీ అక్క

*

జూనిపర్ లోయ
సెప్టెంబరు 20, 2021

నోరీన్,

"కొన్నాళ్ళు." వాళ్ళూ ఈ మాటే వాడతారు. ఊట చుట్టూ కంచె కూడా కొన్నాళ్ళే అన్నారు. తొమ్మిదేళ్ళయింది.

ఎవడో రాజధానివాడు వచ్చి తుపాకులివ్వమంటే గేటు దగ్గరే జవాబు చెప్పేవాణ్ణి. సొంత అక్క అడుగుతుందనుకోలేదు. నేను ప్రేమగా ట్రూడీకి ఒకటి ఇస్తానంటే, నువ్వు అన్నీ లాక్కోవడానికి దారి వెతుక్కున్నావు.

ట్రూడీని పంపొద్దు. నువ్వూ రాయొద్దు.

వెండెల్ స్ట్రిక్లర్

*

సేలం
అక్టోబరు 4, 2021

వెండెల్,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చదవకుండా పొయ్యిలో వేస్తావేమో, అయినా రాయాలి.

నిన్న పొద్దున డోరిస్ ఫోను చేసింది. మూడు రోజులుగా నీ జెండా తలకిందులుగా ఎగురుతోందట. చుక్కలున్న నీలం మూల కిందికుందట. "మీ తమ్ముడు గట్టివాడమ్మా, వాళ్ళకి భలే చెప్పాడు" అని మెచ్చుకుంటూ చెప్పింది. ఊళ్ళో అందరూ ప్రభుత్వం మీద నిరసన అనుకుంటున్నారట.

నేను అలా అనుకోలేకపోయాను. జెండాని తలకిందులుగా కట్టేది ప్రాణం మీదికొచ్చినప్పుడే, "ఆపదలో ఉన్నాం, ఆదుకోండి" అని చెప్పడానికే అని నాన్న మనిద్దరికీ నేర్పాడు. ఆట కోసం కట్టినందుకు ఒకసారి నీ చెవి మెలేశాడు. అలాంటి నువ్వు కోపానికి ఆ పని చేస్తావా? చెయ్యవు. తుపాకీ ఇచ్చేస్తానన్నావు, సర్దుతున్నానన్నావు, రాయొద్దన్నావు, ఇప్పుడిది. ఫోను చేస్తే మోగుతూనే ఉంది. నేనున్నది మూడు వందల మైళ్ళ దూరంలో.

షెరీఫ్ ఆఫీసుకి ఫోను చేశాను. ఎవరినైనా పంపి నిన్ను ఒకసారి చూసి రమ్మన్నాను. అంతే అడిగాను. ఈ ఉత్తరం చేరేసరికి వాళ్ళు వచ్చి వెళ్ళి ఉంటారు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, తర్వాత తెలిస్తే దాచానంటావు. తోబుట్టువులు అడిగితే, మనిషి దగ్గరున్న తుపాకులు కోర్టు తీయించవచ్చట. ఆ కాగితం తెచ్చుకున్నాను. నింపాను. సంతకం పెట్టలేదు. వంటింటి సొరుగులో ఉంది.

నన్ను జన్మలో క్షమించకు, ఫరవాలేదు. బతికుండి క్షమించకు.

నోరీన్

*

జూనిపర్ లోయ
అక్టోబరు 13, 2021

నోరీన్,

ఇది పదకొండు కాగితాలు వచ్చింది. కాగితానికి ఆరు లైన్లే పడుతున్నాయి. ఎందుకో చదివితే తెలుస్తుంది.

నాకు కళ్ళు పోతున్నాయి. మార్చి నుంచీ. చుట్టూ కనిపిస్తుంది, మధ్యలో మసక. నీ ఉత్తరాలు భూతద్దం పెట్టి, పక్క చూపుతో కూడబలుక్కుంటున్నాను. మనిషి వైపు సూటిగా చూస్తే టోపీ ఉంటుంది, బూట్లుంటాయి, మొహం ఉండదు. తుపాకీ ఎత్తితే గురి ముల్లు కనబడదు. అందుకే ట్రూడీకి ఇస్తానన్నాను. గురి చూడలేనివాడి దగ్గర తుపాకీ ఉండకూడదని నాన్న అనేవాడు, గుర్తుందా? సర్దుతున్నానని రాసింది డబ్బాల సంగతి. ఏ డబ్బా ఏదో తెలియక ఒకరోజు కుక్క తిండి వేడి చేసుకుని సగం తినేశాను. అప్పట్నుంచి ఏ డబ్బా ఏ అరలో ఉండాలో సర్ది పెట్టుకుంటున్నాను. అంతే.

ఇక జెండా. నీలం మూల ఎటుందో కుట్లు తడిమి చూసి కడుతున్నాను. ఆ శుక్రవారం చలికి వేళ్ళు మొద్దుబారాయి. మధ్యాహ్నం డోరిస్ కొట్టుకి వెళితే ముగ్గురు నా భుజం తట్టారు. "బాగా చేశావు వెండెల్, అలాగే బుద్ధి చెప్పాలి వాళ్ళకి" అన్నారు. నేనేం చేశానో కాసేపటికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు మూసుకున్నాను. పొరపాటున కట్టానంటే ఎలా పొరపాటైందని అడుగుతారు. గుడ్డివాణ్ణని ఒప్పుకోవడం కంటే తిరగబడ్డానని అనిపించుకోవడం సులువనిపించింది. రెండో రోజు, మూడో రోజు తెలిసే అలా కట్టాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాన్న నా చెవి మెలేస్తే ఇప్పుడు తల వంచేవాణ్ణి.

సోమవారం సాయంత్రం గేటు దగ్గర బండి ఆగింది. బండి మీద ప్రభుత్వ ముద్ర లాంటి బొమ్మ, దిగిన మనిషి నెత్తిన టోపీ, ఛాతీ మీద బిళ్ళ మెరుపు. నేను అరుగు మీదున్నాను, నాన్న తుపాకీ ఒళ్ళో ఉంది, తుడుస్తున్నాను. లేచి భుజానికెత్తాను. తూటా ఉందా లేదా అని అడగకు. ఉంది, బండి ఆగగానే ఎక్కించాను. "అక్కడే ఆగు" అని అరిచాను.

ఆ మనిషి అరవలేదు. నెమ్మదిగా ఇలా అంది.

"వెండెల్ బాబాయ్, నేను మైతెని. నన్ను చూడొద్దు. నీ కుక్కని చూడు."

స్పెయిన్ నుంచి వలస వచ్చి గొర్రెలు కాసే ఆ బాస్క్ వాళ్ళ మైతె తెలుసుగా. నా గుర్రం మీదే స్వారీ నేర్చుకుంది. ఇప్పుడు యాభై ఏళ్ళది, షెరీఫ్ కింద పోలీసు డిప్యూటీ. నా కుక్క ఎప్పుడో గేటు దగ్గరికి పరుగెత్తి తోక ఊపుతోంది. దానికి తెలిసింది. నాకు తెలియలేదు. నేను మైతె మొహానికి తుపాకీ గురి పెట్టి నిలబడ్డాను, అక్కా, ఆ మొహం నాకు కనబడలేదు.

తను తన తుపాకీ మీద చెయ్యి వెయ్యలేదట. రెండు చేతులూ గేటు మీదే పెట్టిందట. తర్వాత చెప్పింది, ఎదురుగా ఉన్నా నేను గుర్తుపట్టకపోయేసరికి నాకు చూపు లేదని పసిగట్టానని.

నేను కిందికి దిగాను. బోల్టు లాగి, తూటా తీసి, లోపల వేలు పెట్టి ఖాళీ అని చూపించి, తుపాకీ గేటు మీదుగా ఇచ్చాను. లోపలున్న మిగతా నాలుగూ తెచ్చిచ్చాను. "ఆఫీసుకి వద్దు" అన్నాను. "మా అమ్మ ఇంట్లో, గొర్రెల కత్తెరలు పెట్టే గదిలో ఉంచుతాను" అంది. రసీదు తను రాయలేదు, నేనూ అడగలేదు. వాళ్ళు తీసుకోలేదు, నేను ఇచ్చాను. ఈ తేడా నువ్వు గుర్తుపెట్టుకోవాలి.

కానీ నువ్వు చేసింది నేను మర్చిపోను. మైతె వచ్చింది కాబట్టి ఇద్దరం మిగిలాం. ఆ రోజు డ్యూటీలో ఎవడో కొత్తవాడు ఉండి ఉంటే? నా మీదికి వాళ్ళని పంపేముందు ఇది ఆలోచించావా?

వెండెల్

*

సేలం
అక్టోబరు 22, 2021

ఒరేయ్ వెండెల్,

కళ్ళు! మార్చి నుంచి! ఇన్ని ఉత్తరాలు రాశావు, కప్ప గురించి రాశావు, బీన్స్ గురించి రాశావు, ఈ ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి రాలేదా? నీ పదకొండు కాగితాలూ బల్ల మీద పరిచి, ఒక్కోటీ చదువుతూ నిన్ను తిడుతూ ఏడ్చాను. నర్సు అయిన మేనకోడలు ఉంది నీకు. అక్షరాలు పెద్దవయ్యాయేమని నేను అడిగితే చెవిటిదాన్నన్నావు!

నన్ను కూడా తిట్టుకున్నాను. టేపు పక్కకి జరిగిందని కనిపెట్టాను, ఎందుకు జరిగిందో కనిపెట్టలేకపోయాను. నీలో ఉన్న జబ్బు వదిలేసి లేని జబ్బుకి నెలల తరబడి మందు వెతికాను.

కొత్తవాడు వచ్చుంటే అన్నావు. పడుకుంటే అదే కళ్ళ ముందుకొస్తోంది. నువ్వు వాళ్ళని చూసి ఎందుకు భయపడతావో ఇన్నేళ్ళలో మొదటిసారి కొంచెం అర్థమైంది. కానీ నువ్వు మళ్ళీ అలాంటి ఉత్తరాలే రాస్తే నేను మళ్ళీ ఫోను చేస్తాను. సొరుగులో కాగితం చింపానని రాయాలనుకున్నాను. చింపలేదు. అబద్ధం రాయడం నాకూ చేతకాదు.

ట్రూడీ వాళ్ళ కంటి డాక్టరుని అడిగింది. సూది మందు ఉందట, ఆలస్యమైన ప్రతి వారం చూపు తగ్గిపోతుందట. ఇప్పుడు నీ ఇంట్లో తుపాకులు లేవు. ఆసుపత్రి కాగితం చూసి భయపడటానికి నీకేం మిగిలింది? వెళ్ళు. సిగ్గు లేకుండా అడుగుతున్నాను, వెళ్ళు.

వచ్చే వారం శనివారం ట్రూడీ వస్తోంది. నువ్వు వద్దన్నా వస్తుంది, అది నీ మేనకోడలే కదా.

ఆగస్టులో అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు చచ్చిపోవాలనుకున్నావా? ఒక్క మాట రాయి చాలు.

అక్క

*

జూనిపర్ లోయ
నవంబరు 16, 2021

అక్కా,

చేతిరాత చూసి కంగారుపడకు. మాట నాది, రాత మైతెది. డ్యూటీ అయిపోయాక వచ్చి వంటింట్లో కూర్చుని రాస్తోంది. ప్రభుత్వానికి తెలియకుండా నీకు ఉత్తరం రాయాలంటే నాకు షెరీఫ్ ఆఫీసే దిక్కయింది, నవ్వుకో.

(యూనిఫాం విప్పేసే వచ్చాను, ఆ సంగతి కూడా రాస్తున్నాను. — మైతె)

బోయిసీ వెళ్ళాను. మైతె తీసుకెళ్ళింది. కాగితంలో ఆ ప్రశ్నలు నిజంగానే ఉన్నాయి. నాకు కనబడవుగా, గుమాస్తా అమ్మాయి పైకి చదివింది. "ఇంట్లో తుపాకులున్నాయా?" అంది. లేవన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదటిసారి. "దిగులుగా ఉంటోందా?" అంది. అవునన్నాను. "రాసుకో" అన్నాను. రాసుకుంది, తర్వాత నాకు కాఫీ తెచ్చిచ్చింది. జాబితాలోకి ఎక్కానో లేదో ఇంకా తెలీదు. మైతెకీ తెలీదంటోంది. నేను నమ్మలేదు.

(నిజంగానే తెలీదు. — మైతె)

కుడికన్ను పోయింది. ఎడమది నిలుస్తుందట, నెలకోసారి కంట్లో సూది వేస్తారు. వసంతంలోనే వచ్చుంటే రెండూ దక్కేవన్నాడు డాక్టరు. తుపాకీ పోతుందని భయపడి ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆ తుపాకీకి గురి చూసేది ఆ కుడికంటితోనే. ఇంటికి తిరిగొచ్చేదాకా దారంతా కోపంగానే ఉన్నాను. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. ఊట కంచె దాటుతున్నప్పుడు మాత్రం అలవాటు కొద్దీ వాళ్ళని తిట్టాను, కాస్త తేలికపడింది.

ట్రూడీ వచ్చిన శనివారం సంగతి అది నీకు చెప్పే ఉంటుంది, కానీ ఒకటి చెప్పి ఉండదు. నేనే చెప్పొద్దన్నాను. తుపాకీని మైతె ముందురోజే తెచ్చి పెట్టింది. సాయంత్రం ట్రూడీ జెండా దించింది, ఇద్దరం కలిసి మడిచాం. అది చివర పట్టుకుని మడత సరిచేసింది, నా మడత వంకరగా వచ్చిందట. అప్పుడు తుపాకీ తీసి, బోల్టు లాగి, ఖాళీ అని చూపించి, దాని చేతుల్లో పెట్టాను. అది ఏడ్చింది. "ఇది మట్టి ఇచ్చిన రోజు చేసే పని కదా మామయ్యా" అంది.

నిజమే. అందుకే బోల్టు పూర్తిగా బయటికి లాగేసి నా దగ్గర ఉంచుకున్నాను. అది లేకపోతే తుపాకీ చేతికర్రతో సమానం, ట్రూడీ గోడకి తగిలించుకోవచ్చు. ఆసుపత్రిలో నర్సు చొక్కా జేబు తడిమి "ఏమిటిది, ఇంత బరువుంది?" అంటే "మా నాన్నది" అన్నాను.

సొరుగులో కాగితం ఉంచుకో. నేను వాళ్ళని నమ్మను, నువ్వు నన్ను నమ్మవు, ఈ వయసులో ఇద్దరం మారతామా? నీ మీద కోపం పోలేదు. టేపు మాత్రం ఈసారి సరిగ్గా మూత మీదే ఉంటుంది, మైతె అంటిస్తుంది.

నీ ప్రశ్నకి జవాబు. జనవరిలో అనుకున్నాను. ఫిబ్రవరిలోనూ అనుకున్నాను. ఆ తర్వాత కళ్ళ గొడవలో పడి ఆ సంగతే మర్చిపోయాను. ఆ బోల్టు ఇప్పుడు నా చొక్కా జేబులో ఉంది. నాకు మట్టి ఇచ్చే రోజున ట్రూడీ దాన్ని ఈ జేబులోంచి తీసుకుంటుంది, మనింటి పద్ధతి ప్రకారం. దానికోసం మీరెవరూ తొందరపడకండి. నేనూ తొందరపడటం లేదు.

నీ తమ్ముడు,
వెండెల్
(సంతకం నాదే. గీత మీద లేకపోతే సర్దుకో.)